అక్షరానికి ముందు అనుభవం

సికింద్రాబాదులోని కార్ఖానాలో వయోజనులకు చదువు చెప్పబోయే ముందు నేను శిక్షణ పొందాను. పాఠాన్ని అక్షరమాలతో ఆరంభించరాదు. అభ్యాసకుల జీవితంలోని ఒక మాటను ముందుగా చర్చించి, పిదప దానిని అక్షరాలుగా విడదీయాలి. మాకు నేర్పిన తొలి సూత్రమిదే.

దాని బలాన్ని నెల్లూరు జిల్లా చాటింది. 1990ల ఆరంభంలో దూబగుంట మహిళలు అక్షరాస్యతా కేంద్రంలో సారా తెచ్చే అనర్థాన్ని చర్చించి, ఊరిలో దాని అమ్మకాన్ని ఆపించారు. ఆ ఉద్యమం ఆంధ్రప్రదేశ్ అంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి దారితీసింది.

కార్ఖానాలో ఒక వృద్ధ కార్మికురాలు ‘కూలి’ అన్న మాటను వ్రాయగలిగిన రాత్రి నాతో, “బిడ్డా! ఇగ అంకెలు నేర్పు. ఏలుముద్ర ఏసిన కాయితంల ఎంత రాసిండ్రో నేనే చూసుకుంట” అన్నది. మరునాటి పాఠాన్ని ఆమెయే నిర్ణయించింది.