మున్నేరు మీద దారి ఉందా?

జగ్గయ్యపేటలో ధనంబోడు గుట్ట ఎక్కారా ఎప్పుడైనా? ఎక్కకపోతే ఏం ఫర్వాలేదు, పేటలోనే పుట్టి పెరిగీ చూడనివాళ్లు బోలెడుమంది. 1882లో జేమ్స్ బర్జెస్ అనే దొర అక్కడ తవ్వించి బౌద్ధస్తూపాన్ని బయటికి తీశాడు. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి బొమ్మ పలక మద్రాసు మ్యూజియంకి పోయింది, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు స్తంభశాసనాలు చరిత్ర పుస్తకాలకెక్కాయి. నాకు మాత్రం అక్కడే దొరికిన ఇంకో చిన్న శాసనమంటే మోజు. బుద్ధప్రతిమ చేయించిన చంద్రప్రభుడు తన గురువు జయప్రభాచార్యుడని, ఆయన గురువు నాగార్జునాచార్యుడని చెప్పుకున్న శాసనం అది. లిపిని బట్టి సుమారు ఆరో శతాబ్దం నాటిదంటారు. మూలమధ్యమకకారిక రాసిన నాగార్జునుడు అంతకు మూడు నాలుగు వందల ఏళ్ల ముందువాడు కనక ఆయనే ఈయన కావడం కష్టమే. పేరైతే మన గుట్ట మీద ఉంది కదా, కబుర్లకి అది చాలు.

ఆ పెద్ద నాగార్జునుడి దగ్గర ఓ తమాషా ఉంది. ఏ మాటనైనా నాలుగు రకాలుగా అనొచ్చు: ఉంది, లేదు, ఉందీ లేదూ కూడా, ఆ రెండూ కాదు. దీన్నే చతుష్కోటి అంటారు. ఆయన ఈ నాలుగింట్లో ఎక్కడా మనల్ని కుదురుగా కూర్చోనివ్వడు. నిజమో అబద్ధమో రెంటిలో ఒకటి తేల్చు అనే తర్కం చదువుకున్న పడమటివాళ్లలో చాలామందికి ఇది మిస్టిక్కుల గొడవలా కనిపించింది. మనవాళ్లలో కొందరికీ అంతే లెండి.

ఇప్పుడు కథ 1977కి దూకుతుంది. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో ఫిలాసఫీ చెప్పే న్యూయెల్ బెల్నాప్ 'కంప్యూటర్ ఎలా ఆలోచించాలి' అని ఒక వ్యాసం రాశాడు. దాన్ని అమెరికా మాటల్లో కంటే నందిగామ మాటల్లో చెబితేనే తేలిగ్గా ఎక్కుతుంది. 2023 జూలై గుర్తుందా? మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చాయి, హైదరాబాద్–విజయవాడ బళ్లు ఆగిపోయాయి. అలాంటి రోజున ఫోన్లకొచ్చే మెసేజ్‌లన్నీ ఒక కంప్యూటర్లో పోశామనుకోండి. 'దారి ఉంది' అని మాత్రమే చేరొచ్చు, 'లేదు' అని మాత్రమే చేరొచ్చు, రెండూ చేరొచ్చు, అసలు ఏదీ చేరకపోవచ్చు. అవే నాలుగు గళ్లు! కాకపోతే బెల్నాప్ గళ్లు మున్నేరు సంగతి చెప్పవు, కంప్యూటర్‌కి చేరిన కబురు సంగతి చెబుతాయి.

ఇంత హడావుడి ఎందుకంటే, పాత తర్కానికి ఒక జబ్బుంది. ఎదురుబొదురు మాటలు రెండు దొరికితే అది దేన్నైనా నిరూపించేస్తుంది. చూడండి: 'దారి ఉంది' అన్నారు. అయితే 'దారి ఉంది, లేదా చిల్లకల్లులో ఏనుగులు ఎగురుతున్నాయి' అన్నదీ నిజమే. ఇంకొకడు 'దారి లేదు' అన్నాడు. మొదటి సగం పోయింది కనక మిగిలిన సగమే నిజం, ఏనుగులు ఎగురుతున్నాయి! మనిషైతే ఈ లెక్క చెప్పినవాణ్ణి చూసి నవ్వి టీ తాగుతాడు. యంత్రానికి నవ్వు రాదు, చెప్పింది చెప్పినట్టు చేసుకుపోతుంది. అందుకే బెల్నాప్ తర్కంలో ఆ ఆఖరి అడుగు చెల్లదు. గొడవ ఐతవరం దాటి చిల్లకల్లు రాదు.

నాగార్జునుడికి కంప్యూటర్ తెలుసని రేపు ఎవరైనా వాట్సాప్‌లో తిప్పితే దయచేసి నా పేరు చెప్పకండి. ఆయన నాలుగు గళ్లనూ ఖాళీ చేయించడానికి చూశాడు, బెల్నాప్ నాలుగింటినీ వాడకంలో పెట్టాడు. పని వేరు. అయితే 'ఏది నిజం' అని అడగాల్సినచోట 'ఏం కబురు అందింది' అని అడగడం కంప్యూటర్ వచ్చాకే తత్వశాస్త్రంలో గట్టిపడిందని నా అభిప్రాయం. లూచియానో ఫ్లోరిడి అనే తత్వవేత్త 2011లో సమాచార తత్వం మీద పెద్ద పుస్తకమే వేశాడు. ఆయన లెక్కలో అబద్ధపు కబురు అసలు సమాచారమే కాదు. వినడానికి బాగుంది కానీ, వరద రోజున ఏది అబద్ధమో ముందే తెలిస్తే ఇక బాధేముంది? నా ఓటు బెల్నాప్‌కే.

ఇప్పటి మాటకారి కంప్యూటర్లకి మాత్రం నాలుగో గడి అబ్బినట్టు లేదు. ఏ కబురూ అందకపోయినా చక్కని వాక్యం ఒకటి అల్లి ఇస్తాయి, పెళ్లి చూపుల్లో పెద్దమనిషిలాగా.

బెల్నాప్ యంత్రంలోనూ ఒక వెలితి ఉంది. దానికి కబురు చెప్పినవాళ్లంతా ఒకటే. ఎప్పుడు చెప్పారు, ఎక్కడ నిలబడి చెప్పారు అని అది అడగదు. పొద్దున 'దారి ఉంది', సాయంత్రం 'లేదు' అన్నవి రెండూ ఒకే గడిలో పడి కొట్టుకుంటాయి. మన నైయాయికుల, అంటే న్యాయదర్శనం వాళ్ల, పట్టింపంతా ఇక్కడే. మాటను ప్రమాణంగా ఒప్పుకోవాలంటే చెప్పినవాడు ఆప్తుడు కావాలన్నారు, అంటే చూసి తెలుసుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు (కామసూత్రాల ఆయన కాదు లెండి) ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒకటేనన్నాడు. ఆ లెక్కన ఐతవరం దగ్గర మోకాలిలోతు నీళ్లలో నిలబడి క్లీనర్‌తో 'బండి వెనక్కి తియ్యరా' అనే లారీ డ్రైవర్‌ది కూడా ఆప్తవాక్యమే.