అమ్మ క్యాసెట్టు

మా అబ్బాయి గదిలోంచి వచ్చే ఇంగ్లీషు పాటల హోరు మీద నాకు ఎప్పుడూ ఫిర్యాదే. మొన్న ఒక పాట గంట చప్పుడుతో మొదలైంది. "గుడి గంటను కూడా వదలరా?" అన్నాను.

"గుడి గంట కాదు బాపూ. వాళ్ల పాటగాడు చనిపోయిండు. ఆయన కోసం మోగించిన గంట."

నేను కూర్చున్నాను. వాడు చెప్పుకొచ్చాడు.

ఏసీ/డీసీ అనే ఆస్ట్రేలియా బృందంలో ప్రధాన గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో మరణించాడు. మిగిలినవాళ్లు కొత్త గాయకుణ్ణి వెంటబెట్టుకొని, రెండు నెలలకే బహామాస్ దీవుల్లో నసావు దగ్గరున్న కంపాస్ పాయింట్ స్టూడియోకు చేరారు. అక్కడ రికార్డు చేసిన 'బ్యాక్ ఇన్ బ్లాక్' అట్ట నల్లగా ఉండటం సంతాప సూచకమట. గంట మాత్రం తర్వాత ఇంగ్లండులో రికార్డు చేసి కలిపారు.

ఆ స్టూడియోను 1977లో క్రిస్ బ్లాక్‌వెల్ ప్రారంభించాడు. జమైకా వాద్యకారులు స్లై డన్‌బార్, రాబీ షేక్‌స్పియర్ అక్కడ వాయించారు, గ్రేస్ జోన్స్ పాడింది. 1987లో అక్కడ ఎన్నో రికార్డులకు ప్రాణం పోసిన అలెక్స్ సాడ్కిన్ కారు ప్రమాదంలో పోయాడు. క్రమంగా స్టూడియో కళ తప్పింది. 1992లో టెర్రీ మానింగ్ దంపతులు దాన్ని బాగుచేసి మళ్లీ నడిపించారు. 2010లో మూతపడింది.

"మరి పాటలు?"

"పాటలు ఉన్నయి కద బాపూ!"

నా చూపు బీరువా మీదికి పోయింది. అందులో మా అమ్మ క్యాసెట్టు ఉంది. నాందేడ్‌లో మా పాత ఇంటి వంటగదిలో, బతుకమ్మను గోదావరికి తీసుకెళ్లే ముందురోజు, నేనే రికార్డు చేశాను. అమ్మ పోయాక మళ్లీ వినే ధైర్యం చేయలేదు.

మా వాడు మరలు విప్పి, బూజు తుడిచి, తెగినచోట అతికించి, రీళ్లను వేరే క్యాసెట్టు డొల్లలో అమర్చాడు. మీట నొక్కాడు. అమ్మ పాడుతోంది. మధ్యలో బయటినుంచి ఎవరో పిలిచారు. "ఆలే, ఆలే!" అని మరాఠీలో బదులిచ్చి, ఆపినచోటునుంచే తెలుగులో అందుకుంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఇంకోవైపు పెట్టు" అన్నాను. పెట్టాడు. సినిమా పాటలు! అప్పుడు గుర్తొచ్చింది. ఖాళీ క్యాసెట్టు కొనడానికి బద్ధకించి, అమ్మ పాటల మీద నేనే ఎక్కించాను. "పోనీలే బిడ్డా, నేను మళ్ల పాడత" అంది అమ్మ. మళ్లీ పాడించుకునే తీరిక నాకు దొరకలేదు.

మూసిన స్టూడియోను ఎవరో వచ్చి తెరిపించగలరు. చెరిపేసిన ఆ అరగంటను మా వాడు కూడా తేలేడు.

ఈ బతుకమ్మ పండుగకు మీ ఇంట్లో పెద్దవాళ్లను పాడించండి. జేబులో ఉన్న ఫోను చాలు. మధ్యలో ఎవరైనా పిలిస్తే మాత్రం ఆపకండి, అదీ ఉండనివ్వండి.