నాయనమ్మ బుడ్డి

కోడి కూయకముందే నాయనమ్మ తాటాకు చాప మీద మోకరించేది. సిరాబుడ్డి మూతకు చిల్లుపెట్టి ఒత్తి దూర్చిన దీపం, ఆ కిరసనాయిలు పొగ, తడిసిన గడ్డివాము వాసన, దొడ్లో గేదె మెడ విదిలించిన చప్పుడు, వీటన్నిటి మధ్య ఆవిడ ఒక్కొక్కరి పేరే దేవుడికి చెప్పుకుంటూ వచ్చి, బెజవాడలో రిక్షా తొక్కే బాబాయి దగ్గర గొంతు పూడుకుపోయి, ముక్కు చీది కొంగుతో కళ్ళొత్తుకునేది. మా పేటలో దాన్ని కన్నీటి ప్రార్థన అనేవాళ్ళు. అది అయ్యాకే ఊడుపులకు వెళ్ళేది.

మన కన్నీళ్ళు దేవుడి బుడ్డిలో ఉంటాయని 56వ కీర్తనలో ఉంది. బుడ్డి అనే ఉంది మా బైబిల్లో. నాకు తెలిసిన బుడ్డి ఒకటే, అందులో కిరసనాయిలు పోసే పనీ నాదే. రాత్రికి రాత్రి ఏమన్నా పెరిగిందా అని పొద్దున్నే వెలుగుకు ఎత్తి చూసేవాణ్ణి. "ఆయన బుడ్డి వేరురా అయ్యా" అని నవ్వేది.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. కోతకొచ్చిన వరి మాకూ పడుకుంది గానీ, నాయనమ్మ పుట్టిల్లు దివిసీమలో. వేలమంది పోయిన చోట వాళ్ళ చెల్లెలి కుటుంబం ఆనవాలు కూడా దొరకలేదు. ఇంటిల్లిపాదీ ఏడ్చాం, రోజూ ఏడ్చే మనిషి మాత్రం ఏడవలేదు. చాప మీద ఊరికే కూర్చునేది. "ఏడువత్తా" అని అమ్మ బతిమాలింది. పాస్టరుగారొచ్చి లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చిన సంగతి చదివారు. కంఠత వాక్యం అడిగితే మేం పిల్లలం అప్పజెప్పి తప్పించుకునేది అదే, అంతకంటే పొట్టిది మాకు తెలియదు.

ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళు, 9 నుంచి 11 దాకా. మేరీమాతకు మొక్కడం మా సంఘంలో లేదు, అయినా ఆ మూడ్రోజులూ బెజవాడ బస్సుల్లో ఎవరు ఏ సంఘమో ఎవరడిగారు? 1924లో ఆర్లాటి ఫాదరు నిలిపిన మాత దగ్గర కొవ్వొత్తుల మైనం, కొబ్బరినీళ్ళు కలిసిన వాసన. కొండ మీది సిలువకు వెళ్ళే మెట్ల మీద గుండు చేయించుకున్న ఒకావిడ కూలబడి ఉంది. నాయనమ్మ పక్కన కూర్చుని "ఏ ఊరమ్మా మీది?" అంది. ఆవిడ దివి వైపు ఊరేదో చెప్పింది. అంతే, ఇద్దరూ మెడలు పట్టుకుని ఎంతసేపు ఏడ్చారో, నేను పొట్లంలో జీళ్ళన్నీ తినేశాను.

మర్నాడు చీకటితోనే ముక్కు చీదిన చప్పుడుకి మెలకువొచ్చింది. అమ్మ "హమ్మయ్య" అని అటు తిరిగి పడుకుంది.