గడపకు లోపల, గడపకు వెలుపల



శరదృతువు వచ్చెనన్నచో కవులు వెన్నెలను, రెల్లుపూవులను, హంసలను వర్ణింతురు. గృహిణికి మాత్రము శరత్తనగా ఎండ. వానకాలమంతయు చెమ్మపట్టిన కంబళ్లు, పురుగు చేరిన కందిపప్పు, ఒకదాని కొకటి అంటుకొనిన పుస్తకముల పుటలు, ఇవన్నియు ఆశ్వయుజమాసపు టెండలో పెరటి మంచములపై కెక్కును. మా యింట ఆ మంచముల క్రింది నీడలో రెండు కుక్కలు కూడ చేరును. ఆరవేసిన అప్పడములను కాచుట వాని పనియని మావారందురు. తినుట వాని పనియని మా అత్తగారందురు. ఇరువురి మాటయు నిజమే.

మాది నరసాపురమునకు కొంత దూరమున కాలువగట్టున నున్న చిన్న యూరు. మావారు ఇచ్చటి పాఠశాలలో లెక్కలు చెప్పుదురు. మా కుక్కలలో మోతి పదియేండ్ల ముసలిది. రెండవది నల్లనిది, బడి ఆవరణలోనే పుట్టి పెరిగినది. పగలు బడిలో నుండి, సాయంకాలము మావారి వెంట వచ్చి, రాత్రి మా అరుగుమీద పండుకొనుట దానికి అలవాటు. దానికి సరమ యని పేరు పెట్టినదానను నేను.

ఆ పేరునకు కారణము గలదు. బాల్యమున మా తండ్రిగారు నాకు ఇంటివద్దనే భారతము చెప్పిరి. జనమేజయుని యాగశాలకు వచ్చిన కుక్కపిల్లను అతని తమ్ములు నిష్కారణముగ కొట్టుటయు, దాని తల్లి సరమ వచ్చి రాజును నిలదీయుటయు ఆదిపర్వమున మొదటనే వచ్చును. కడపట స్వర్గద్వారమువద్ద ధర్మరాజు వెంట మిగిలినది కూడ ఒక కుక్కయే. అంతటి మహాగ్రంథము కుక్క మొఱతో నారంభమై కుక్క తోడుతో ముగియుట నాకు చిన్ననాడే వింతగ తోచినది. పండితులు దీనిని గూర్చి ఎక్కువగ చెప్పగా నేను వినలేదు. బహుశః వారి యిండ్లలో కుక్కలకు అన్నము పెట్టువారు వేఱుగ నుందురేమో!

మా అత్తగారు మడి గలవారు. కుక్క అరుగు దాటరాదు, తులసికోట చుట్టు తిరుగరాదు, మడిబట్టల దండెము క్రిందికి పోరాదు. ఇవి ఆమె శాసనములు. అట్లని ఆమె కఠినురాలు కాదు. రెండుపూటల కుక్కలకు మజ్జిగ యన్నము కలుపునది ఆమెయే. ఒకనాడు నేను, "అత్తయ్యగారూ, భూతయజ్ఞములో కుక్కకు, కాకికి కూడ పాలు చెప్పినారు గదా" యంటిని. "చెప్పినారమ్మా, నేల మీద పెట్టమన్నారు. ఇంటిలోకి పిలిచి పీట వేయమనలేదు" అని ఆమె బదులు చెప్పిరి. శాస్త్రమున నాకంటె ఆమెయే గట్టి.

మావారు మితభాషులు. నాతో పదిమాటలాడిన దినము నాకు పండుగ. కాని సాయంకాలము అరుగుమీద కూర్చుండి పరీక్షకాగితములు దిద్దునప్పుడు తప్పులెక్క కనబడినచో మోతికి చెప్పుదురు. "చూచితివా, వీడు భిన్నములను అడ్డముగ కూడినాడు" అని. మోతి తోక నేలకు కొట్టును. లోపల కూరగాయలు తరుగుచున్న నాకు ఆయన పగలు ఎట్లు గడచినదో ఆ మాటలవలననే తెలియును. వానలు వెనుకబట్టిన పిమ్మట కుక్కలకు పిడుదులు పట్టును. ఆదివారమునాడు వానిని ఒక్కొక్కటిగ తీసి సబ్బునీళ్లలో వేయుచు ఆయన సరమతో ఆడు మాటలను కూర్చినచో ఒక ప్రబంధమగును. నాకు అసూయ లేదని చెప్పను.

చిత్తకార్తె మాట వచ్చిన మనవారు నోటికి చెంగు అడ్డుపెట్టుకొని నవ్వుదురు. కాని లెక్క చూడుడు. కుక్క గర్భము మోయుట సుమారు 63 దినములు. చిత్తకార్తెలో కట్టినది చలి ముదిరిన దినములలో పిల్లలను పెట్టును. 2023వ సంవత్సరపు చలికాలమున సరమ బడి కట్టెలకొట్టములో అయిదు పిల్లలను పెట్టినది. సంక్రాంతికి మిగిలినది ఒక్కటి. చలికి కొన్ని, లారీలక్రింద కొన్ని పోయినవి. మఱుసటి వేసవిలో మావారు దానిని పశువైద్యశాలకు తీసికొనిపోయి, ఇక పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్స చేయించి, పిచ్చివ్యాధి రాకుండ టీకా వేయించిరి. ఆ చికిత్స చేసినందుకు గుర్తుగ చెవికొన కత్తిరింతురు. "ఆడజన్మకు గొడ్డుతనము తెచ్చుట పాపము కాదా?" అని అత్తగారు బాధపడిరి. "ఏటేట నాలుగు పిల్లలను పాతిపెట్టుట పుణ్యమా, అత్తయ్యగారూ?" అంటిని. ఆమె మాటాడలేదు. నాటి రాత్రి సరమ ముద్దలో మాత్రము నేయి వాసన వచ్చినది.

విశ్వావసు సంవత్సరపు శరత్తు, అనగా 2025వ సంవత్సరమునది, మాకు మఱపురానిది. అక్టోబరు 20వ తేదీన దీపావళి. మనకు వినబడని సన్నని ధ్వనులు సైతము కుక్క చెవికి వినబడును. అట్టి చెవికి బాణసంచా ఎట్లుండునో ఊహింపుడు. మోతి బావి పళ్లెము ప్రక్కన ముడుచుకొని యుండగా, నా పిల్లలు తాము కొనిన టపాకాయలలో సగము ప్రక్కింటివారి కిచ్చి, మతాబులు మాత్రము కాల్చిరి. ఇందుకు నేను చెప్పవలసిన పని లేకపోయెను. పండుగనాడు పాయసములోని ఎండుద్రాక్షను కుక్కకు పెట్టకుడు. ద్రాక్షయు, ఉల్లియు, చాక్లెట్టును దానికి విషప్రాయములు.

మఱి ఎనిమిది దినములకు, అక్టోబరు 28వ తేదీన, మొంథా తుఫాను వచ్చినది. పగటినుండియే ఆకాశము ఇటుకరంగు తిరిగినది. చీకటిపడకముందే విద్యుత్తు పోయినది. గాలి తూర్పునుండి కొట్టుచుండగా వానజల్లు అరుగు దాటి తలుపునకు తగులుచుండెను. పొట్టమీద నున్న వరిచేలు ఏమగునో యని ఊరంతయు మేల్కొని యున్నది. మా అత్తగారు కార్తిక నక్తము ముగించి దేవుని గదిలో దీపమువద్ద జపము చేసికొనుచుండిరి. అరుగుమీద కుక్కలు రెండును తడిసి ముద్దయై గోడ కంటుకొని యుండెను. మోతి వణకు నాకు కిటికీనుండి కనబడుచుండెను.

మావారు తల్లిని ఏదియు అడుగరు. అడిగి కాదనిపించుకొనుటయు, కాదన్నపిదప చేయుటయు రెండును ఆయనకు సరిపడవు. ఒక చాపయు, పాత గొడుగును తీసికొని అరుగుమీదికి పోయి, కుక్కల మధ్య కూర్చుండిరి. గొడుగు రెండు నిమిషములలో వెనుకకు తిరిగినది. నేను తలుపు సందున నిలిచి, ఇటు భర్తను అటు అత్తగారిని చూచుచు, ఎవరితో ఏమనవలెనో తోచక యుంటిని. ఆమె అనుమతి లేక తలుపు తీయుట ఆమె ఇంటిలో ఆమెను చిన్నబుచ్చుట. తీయకుండుట కన్నులయెదుట ఆ ముసలిప్రాణిని చలికి వదలుట. ఆయనకా, దగ్గు మొదలైనది.

జపమాల ప్రక్కన పెట్టిన చప్పుడు వినబడినది. అత్తగారు లేచి వచ్చి తలుపు బారుగ తెఱచి, "ఏమిరా, నీవేమైనా ధర్మరాజువా? ఇంద్రుడు రథము తెచ్చి నిలిచినాడా?" అనిరి. ఆయన తలయెత్తలేదు. "వంటింటివైపు రానీయకు. నడవలో గోనెపట్టా వేసి పడుకోబెట్టు. ఆ ముసలిదానికి నా పాతచీర కప్పు" అని చెప్పి, ఆమె మఱల జపమునకు కూర్చుండిరి. ఆ అర్ధరాత్రి తుఫాను నరసాపురము దాపున తీరము దాటినదని మఱునాడు తెలిసినది. తెల్లవారి నడవయంతయు పసుపునీళ్లతో కడుగవలెనని ఆజ్ఞయైనది. కడిగినదానను నేనే. పడిపోయిన రెండు కొబ్బరిచెట్లను, కూలిన ప్రహరీని చూచి రావలసినవారు మావారు.

కార్తికపూర్ణిమ వెళ్లిన రెండవనాడు, నవంబరు 7వ తేదీన, పాఠశాలలు, వైద్యశాలలు, బస్సు నిలయములు మొదలగు చోట్ల తిరుగు కుక్కలను తొలగించి, చికిత్సయు టీకాయు చేయించి ఆశ్రయశాలలకు చేర్చవలెననియు, వానిని తిరిగి అచ్చటనే విడువరాదనియు సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. మావారు పత్రికను మడచి ఊరకున్నారు. సరమ బడి కుక్క గదా!

ఈ విషయమున నా అభిప్రాయము దాచను. బిడ్డలను బడికి పంపు తల్లి భయము వట్టి భయము కాదు. పిచ్చివ్యాధి లక్షణములు పైకి తేలిన పిమ్మట మనిషి బ్రతుకుట దాదాపు లేదు. కఱచినచో ఆ గాయమును వెంటనే ధారగ పడు నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము అద్దరాదు. నాటికి నాడే వైద్యశాలకు పోయి టీకా ఆరంభించి, చెప్పిన దినములందెల్ల తప్పక వేయించుకొనవలెను. పూర్వము బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు గ్రుచ్చెడివారని జడియువారు నేటికిని గలరు. ఇప్పు డట్లు కాదు, భుజమునకే వేయుదురు. వీథిలో ముద్ద పడవేసి పుణ్యము కట్టుకొని, ఆ కుక్క ఎవరినైన కఱచిన నాడు తలుపు మూసికొను దయను నేను దయ యనజాలను. పెట్టినవారు దానిని పట్టి యుంచవలెను. చేతకానినాడు పెట్టుట మానవలెను.

ఈ మాటనే అత్తగారితో అంటిని. ఆమె చాలసేపు వత్తులు చేయుచుండి, "అయితే ఇంటికే తెచ్చి కట్టుడు. గేటు పెట్టించుడు. ఏటేట సూది మాత్రము తప్పరాదు. గడప సంగతి నేను చూచుకొందును" అనిరి. మావారు తుఫానుకు కూలిన ప్రహరీని ఎత్తించి, ఇనుపగేటు చేయించిరి. ఆ నెల మాకు పాలవానికి బాకీ పడినది. సరమ మెడకు పట్టీ వచ్చినది.

దానికి గేటు కొంత నేర్పవచ్చును గాని, బడిగంటను మఱపించుట మావల్ల కాలేదు. గంట వినబడగనే కమ్ములసందున ముక్కు పెట్టి సన్నగ మూలుగును. అందుచేత మావారు ఇప్పుడు దొడ్డిదారిన, చెప్పులు చేత బట్టుకొని బడికి పోవుచున్నారు. ఊరిలో చూచినవారు భార్యకు భయపడి పోవుచున్నాడని చెప్పుకొనుచున్నారట. అననిండు. సాయంకాలము మాత్రము వీథి మొదట ఆయన అడుగుల చప్పుడు నాకంటె ముందుగ దానికే తెలియును. నేను కాఫీకి నీళ్లు పొయ్యిమీద పెట్టుట ఆ తోక చప్పుడును బట్టియే.