సముద్రం కనబడే గది

పెండ్లి అయిన తరువాత నూతన దంపతులు కొన్ని దినాలు వేరే ఊరు వెళ్ళి ఉండి రావడమనే ఆచారం మా పెద్దలకు తెలియదు. వారి కాలంలో కొత్త జంట బంధువుల ఇండ్లలో విందులు ఆరగించి, ఇంటికి తిరిగివచ్చి, పదిమంది నడుమ సంసారం ప్రారంభించేది. ‘హనీమూన్’ అనే మాట సినిమాల ద్వారా మన గడపలు దాటి లోపలికి వచ్చినదే గాని, దానికి సరితూగే పలుకు మా ఇంటి భాషలో లేదు, వీథి భాషలోనూ లేదు. అందుచేత, 2020 జనవరిలో మేమిద్దరమూ విశాఖపట్నం వెళ్ళదలచినట్లు చెప్పగానే పెద్దలు అడిగిన మొదటి ప్రశ్న ‘ఎక్కడ దిగుతారు?’ అన్నది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకుకోవడంలో మాకు కలిగిన అనుభవాన్ని మా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నివేదించుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేమిద్దరమూ ఈ కళాశాల పూర్వ విద్యార్థులమే. మాలో ఒకరు తెలుగు మాధ్యమంలోను, మరొకరు ఉర్దూ మాధ్యమంలోను చదువుకున్నాము. పెండ్లినాటికి ఒకరు ఒక ప్రైవేటు విద్యాసంస్థలో పార్ట్‌టైము అధ్యాపకులు. మరొకరు ఇంటి వద్ద పిల్లలకు ట్యూషన్లు చెబుతూ కుట్టుపని చేసేవారు. ప్రయాణపు లెక్కల కోసం నూరు పుటల నోటుపుస్తకం ఒకటి కొన్నాము. ఎడమ వైపు నుంచి తెలుగులో ఒకరు, కుడి వైపు నుంచి ఉర్దూలో మరొకరు వ్రాయసాగాము. మన వార్షిక సంచికను చూసి పెరిగినవారికి అట్టి పుస్తకం వింతగా తోచదు.

ప్రయాణానికి మా వద్ద ఉన్న సొమ్ము అక్షరాలా తొమ్మిది వేల రూపాయలు. రెండు కుటుంబాల పెద్దలూ సాయం చేస్తామన్నారు. పెండ్లి ఖర్చులతోనే వారు అలసి ఉన్నారన్న సంగతి మాకు తెలుసు. పైగా, మామగారి సొమ్ముతో విహరించి వచ్చిన అల్లుడు రేపు మరొకటి అడగడానికి వెనుకాడడని లోకంలో చూస్తూనే ఉన్నాము. కనుక ఎవరి వద్దా ఒక్క రూపాయి పుచ్చుకోరాదని నిశ్చయించుకున్నాము. రానుపోను స్లీపరు తరగతి రైలు టిక్కెట్లకు 1,700, మూడు రోజుల గది అద్దెకు 3,000, భోజనాలకు 1,500, ఊరిలో తిరుగుళ్ళకు 1,000, ఇంటికి తెచ్చే కానుకలకు 800, అత్యవసరానికి 1,000 అని పుస్తకంలో వ్రాసుకున్నాము. వ్రాయడం సులభమే!

గాజువాకలో మాకు దూరపు మేనమామ ఒకరున్నారు. విషయం తెలిసి ఆయన ఫోను చేసి, “మా ఇల్లుండగా మీకు లాడ్జి ఖర్మ ఏమిటి?” అని నొచ్చుకున్నారు. ఆయన ఇంట రెండు గదులు, ఏడుగురు మనుషులు. మేము దిగితే ఆ దంపతులు పిల్లలతో కూడా వరండాలో పడుకొంటారని తెలిసి ఎలా వెళ్ళగలము? మన వాడుకలో హోటలు అంటే భోజనం చేసే చోటు. బస చేసేది లాడ్జి. ఆ లాడ్జి అన్న మాట వినగానే పెద్దల ముఖాలలో ఒక విధమైన సంకోచం కనబడుతుంది. ఒక పూట భోజనానికి వస్తామని మామయ్యను ఒప్పించేసరికి మాకు అరగంట పట్టింది.

ఇక బసల వెదకులాట. సెల్‌ఫోనులో కనబడిన వాటిలో మూడు రకాలు మా పరిశీలనకు వచ్చాయి. మొదటివి బీచి రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా ఉన్న హోటళ్ళు. వాటిలో రోజుకు 2,800 రూపాయల గది ఒకటి చూశాము. ఆ కాలంలో రోజుకు 1,000 రూపాయల వరకు అద్దె గల గదులకు వస్తు సేవల పన్ను లేదు. అంతకు మించి 7,500 వరకు నూటికి పన్నెండు ఉండేది. పన్నుతో అది 3,136 అవుతుంది. మూడు రోజులకు 9,408. అంటే మా యావదాస్తికీ మించిన మాట. రెండవ రకం, బీచి రోడ్డుకు వెనుక వీథులలోనివి. ఒక హోటలు ప్రకటనలో కిటికీ నిండా నీలి సముద్రం ఉన్నది. అద్దె 1,250, పన్ను 150, వెరసి 1,400. మూడవ రకం, ఆర్టీసీ కాంప్లెక్సు చుట్టుప్రక్కల ఉన్న లాడ్జీలు. తొమ్మిది వందలకు గది, పన్ను లేదు, సముద్రమూ లేదు.

మేము రెండవదానిని ఎన్నుకున్నాము. మూడు రోజులకు 4,200. అనుకున్నదానికంటె 1,200 అధికం. ఇంటివారి కానుకలు పూర్తిగా కొట్టివేసి, అత్యవసరపు సొమ్ములో నాలుగు వందలు తగ్గించి ఆ లోటు పూడ్చాము. కానుకలు లేకుండా తిరిగి వెళ్ళడం ఇద్దరికీ మనసులో బాధగానే ఉన్నది. కాని ఒకరికొకరు చెప్పుకోలేదు. పెండ్లి అయి పదునాలుగు రోజులు. డబ్బు మాట ఎత్తితే ఎదుటివారు ఏమనుకుంటారో అన్న మొహమాటం.

నాంపల్లి స్టేషనులో సాయంకాలం గోదావరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కి, తెల్లవారేసరికి విశాఖపట్నంలో దిగాము. ఆటోలో హోటలుకు చేరాము. కౌంటరు వద్ద ఉన్న యువకుడు తమ రోజు మధ్యాహ్నం 12 గంటలకు మొదలై మరునాడు 12 గంటలకు ముగుస్తుందనీ, ఆరు గంటలకే గది కావాలంటే మరొక రోజు అద్దె చెల్లించవలెననీ చెప్పాడు. అంటే మొత్తం 5,600. ప్రకటన అడుగున చిన్న అక్షరాలలో ఆ నియమం ఉన్నదట, మేమే చదవలేదు. అది మా తప్పే. తరువాత మా ఆధార్ కార్డులు పరిశీలించి, “చిరునామాలు వేరువేరుగా ఉన్నాయేమిటి? మీరు భార్యాభర్తలని రుజువేమిటి?” అని అడిగాడు. పదునాలుగు రోజులకే కార్డులలో చిరునామాలు కలుస్తాయా? అక్కడ కూర్చున్నవారు నలుగురూ తలలెత్తి చూశారు. గోరింటాకు ఇంకా పండి ఉన్న చేతులు కొంగు చాటుకు పోయాయి. మామయ్యగారికి ఇవ్వదలచిన మా శుభలేఖ పెట్టెలో ఉన్నది. దానిని తీసి చూపవలసి వచ్చింది. అతడు చదివి, “సరే” అన్నాడు. గది చూపమన్నాము. కిటికీ తెరిస్తే ప్రక్క మేడ గోడ. సముద్రం డాబా మీదికి వెళితే కనబడుతుందట.

ముందుగా డబ్బు చెల్లించి ఉండలేదు గనుక బయటికి వచ్చాము. వీథిలో పెట్టె మీద కూర్చుని చాలాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. చివరకు కాంప్లెక్సు వైపు బస్సు ఎక్కాము.

అక్కడ రెండు లాడ్జీలు చూసి, మూడవదానిలో ఆగాము. వృద్ధుడైన గుమస్తా మా కార్డులు చూసి, పెద్ద రిజిస్టరులో వివరాలు వ్రాసుకొని, “ఇరవై నాలుగు గంటల లెక్క, బాబూ. ఇప్పుడు ఏడయింది, ఎల్లుండి తరువాతి రోజు ఏడింటికి ఖాళీ చేస్తే మూడు రోజులు. ముందు గది చూసుకోండమ్మా, తరువాత డబ్బు” అన్నాడు. మూడవ అంతస్తు, లిఫ్టు లేదు. కుళాయి త్రిప్పాము, ఫ్యాను వేశాము, దుప్పటి విప్పి చూశాము. తలుపు లోపలి గడియ ఇనుపది. వేస్తే గట్టిగా పడింది. కిటికీలోంచి బస్సులు కనబడుతున్నాయి. మూడు రోజులకు 2,700 రూపాయలు.

ఆ ఉదయం లెక్క సరిచేయడానికి నోటుపుస్తకం తీశాము. ప్రయాణానికి ముందు ‘గదిలో ఏమేమి ఉండాలి’ అని ఇద్దరమూ చెరొక వైపు వ్రాసుకున్నాము. ఎడమ వైపు తెలుగులో మొదటి మాట ‘సముద్రం కనబడాలి’ అని. కుడి వైపు ఉర్దూలో ఏమున్నదో రెండవవారికి చదువరాదు, అడగనూ లేదు. ఇప్పుడు అడిగితే చదివి వినిపించడం జరిగింది. మొదటి మాట ‘తలుపుకు లోపల గడియ ఉండాలి’ అని! పదకొండుమంది ఉన్న రెండు గదుల ఇంట పుట్టి పెరిగినవారు, లోపల గడియ వేసుకుని నిద్రపోవడమన్నది ఆనాటివరకు ఎరుగనివారు వ్రాసిన మాట అది. మరి సముద్రపు కిటికీకి ఎందుకు ఒప్పుకున్నట్లు? తెలుగు వైపు మొదటి పంక్తి చదివి, అదే ఎదుటివారి కోరిక కాబోలునని. తెలుగు వైపు ఆ పంక్తి ఎందుకు వ్రాసినట్లు? ‘నేను ఎన్నడూ సముద్రం చూడలేదు’ అని పెండ్లి పందిట్లో ఎదుటివారు అన్న మాట జ్ఞాపకం ఉండి. ఇద్దరిలో ఎవరికీ అక్కరలేని కిటికీ కోసం ఇంటివారి కానుకలు కొట్టివేశాము! నవ్వాము, తరువాత కొంచెం ఏడ్చాము కూడా.

సముద్రాన్ని చూడడానికి కిటికీ అవసరం లేదని మరునాటి ఉదయం తెలిసింది. చీకటి ఉండగానే రామకృష్ణా బీచికి వెళ్ళాము. హుస్సేన్ సాగరం పేరులోని సాగరాన్నే ఎరిగిన మాకు తూర్పున నీటిలోంచి సూర్యుడు పైకి రావడం చూసి మాట రాలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ దక్షిణాన మొసలి వలె నీటిలోకి చొచ్చుకొని ఉన్నది. అక్కడ కెరటాల లాగుడు ప్రమాదకరమని బోర్డులు హెచ్చరిస్తున్నందున పాదాలు మాత్రం తడుపుకున్నాము. ఒడ్డుననే ఉన్న కురుసుర జలాంతర్గామిలో దూరి చూశాము. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్నది. ఆ ఇరుకు మంచాలు చూసిన తరువాత మా లాడ్జి గది రాజభవనంగా తోచింది. 900 కె బస్సులో భీమిలి వెళ్ళి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివారి పాత సమాధులు చూశాము. సాయంకాలం ఇసుకలో కూర్చుని ముంతమసాలా ఒకే పొట్లం ఇద్దరమూ తిన్నాము. మామయ్యగారి ఇంట భోజనం చేసి, పిల్లలకు పండ్లు ఇచ్చి వచ్చాము. కానుకలూ కొన్నాము. ఇల్లు చేరేసరికి తొమ్మిది వందల రూపాయలు మిగిలాయి. వాటితో తపాలా కార్యాలయంలో ఇద్దరి పేర్ల మీద ఉమ్మడి ఖాతా తెరిచాము.

ఆ మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. మాలో ఒకరికి జీతం నిలిచింది. మరొకరికి ట్యూషన్లు ఆగాయి. ఆ మాసాలలో ప్రతి రాత్రి ఆ నోటుపుస్తకం ముందు వేసుకుని, ఉన్నది ఎంత, కావలసినది ఏది అని దాపరికం లేకుండా మాట్లాడుకోగలిగాము. విశాఖలో ఆ ఉదయం జరిగి ఉండకపోతే అది మా వల్ల అయ్యేది కాదు. ఉర్దూ అక్షరాలు నేర్చుకోవడం కూడా అప్పుడే మొదలైంది.

రేపు ఇట్టి ప్రయాణం తలపెట్టే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా సలహా స్వల్పం. రోజు ఎన్ని గంటలకు మొదలవుతుందో ముందే అడగండి. పన్ను కలిపి ఎంతో అడగండి. 2022 జూలైలో వెయ్యి లోపు గదులకున్న మినహాయింపు పోయింది, 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 వరకు గదులకు నూటికి ఐదు అయింది. బొమ్మను నమ్మక గదిని చూసి డబ్బు ఇవ్వండి. అన్నిటికంటె ముందు, మీకు కావలసినదేమిటో మీరు ఒకరికొకరు అడిగి తెలుసుకోండి. మొహమాటం వల్ల మాకు కాబోయిన నష్టం 1,200 రూపాయలు. కొన్ని ఇండ్లలో అది జీవితకాలం సాగుతుంది.

ఆ నోటుపుస్తకం ఇప్పటికీ మా వద్ద ఉన్నది. ఎడమ నుంచి, కుడి నుంచి సాగిన లెక్కలు నడిమి పుటలో కలిశాయి.