పరిగెత్తే మాట

రన్. మూడక్షరాల ఇంగ్లీషు క్రియ. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దీనికి 600కు పైగా అర్థాలు లెక్కగట్టింది.

ఇక్కడ అమెరికాలో జలుబు చేస్తే ముక్కు రన్ అవుతుంది. కట్టకుండా వదిలేస్తే కొళాయి రన్ అవుతుంది. బస్సులూ, కొట్లూ, చివరికి ఎన్నికల్లో అభ్యర్థులూ రనే! మనకి మాత్రం ముక్కు కారుతుంది, కాలవ పారుతుంది, బస్సు నడుస్తుంది. కొట్టు నడుపుతాం, సంసారం నడుపుకొస్తాం. ఎన్నికల్లోనైతే ఏకంగా నిలబడతాం. (బ్రిటన్ వాళ్ళూ నిలబడతారు లెండి.) వీళ్ళు పరిగెత్తే చోట మనం నడుస్తామన్నమాట.

మొన్న మా అమ్మాయి డబ్బా తెరిచి, "అమ్మా, బియ్యం రన్ అవుట్ అయ్యాయి" అంది.

"నిండుకున్నాయి అనాలమ్మా" అన్నాను.

ఖాళీ డబ్బా వంక, నా వంక చూసి ఒకటే నవ్వు. ఇంట్లో లేవు, అయిపోయాయి అని నోటితో అనడం ఇష్టంలేక మనవాళ్ళు అలా తిరగేసి అంటారని చెప్పాను. రన్‌కున్న అన్ని అర్థాల్లోనూ ఈ జాగ్రత్త దొరకదు. నా తర్వాత ఈ ఇంట్లో ఆ మాట ఎవరంటారు? అందుకే ఫ్రిజ్ మీది సరుకుల చీటీలో తనచేతే, వంకర అక్షరాలైనా సరే, రాయించాను: బియ్యం నిండుకున్నాయి.