గుట్ట ఎక్కేటప్పుడు హెల్మెట్ అవసరమా?

మా కుటుంబం మూడు ఊళ్ళలో ఉంటుంది. మా నివాసం జనగామ. మా ఆపా కాపురం మహబూబాబాదులో. అక్కడి పెద్దలు ఆ ఊరిని ఇప్పటికీ మానుకోట అనే అంటారు. మా తమ్ముడు భూపాలపల్లిలో సింగరేణి గని కార్మికుడు. పండుగలకూ సెలవులకూ అందరమూ ఒకచోట చేరినప్పుడు కొంతకాలంగా మా మధ్య ఒక చర్చ సాగుతోంది. పిల్లలకు గేర్ సైకిళ్ళు వచ్చాయి. వాటిపై వారు జఫర్‌గఢ్ కోట వైపు, బయ్యారం గుట్టల వైపు, రేగొండ దగ్గరి పాండవుల గుట్టల వైపు వెళ్తున్నారు. హెల్మెట్లు కొనిచ్చాము. గుట్ట దిగేటప్పుడు తప్పక పెట్టుకుంటామని పిల్లలు ఒప్పుకున్నారు. ఎక్కేటప్పుడు ఎందుకన్నదే వారి ప్రశ్న.

మా ఆపా కుమారుడు తన వాదనను చక్కగానే వినిపించాడు. "మామూ, ఎక్కేటప్పుడు మనిషి నడిచే వేగమే కదా. నడిచేవాళ్ళు హెల్మెట్ పెట్టుకుంటారా? గాలి తగలదు, చెమట కళ్ళలోకి కారుతుంది. హ్యాండిల్‌కు తగిలించుకుని వెళ్తాము, పైకి చేరాక పెట్టుకుంటాము" అన్నాడు. పిల్లల మాట అని దీన్ని కొట్టిపారేయలేము. మన వేసవి ఎండల్లో గుట్ట ఎక్కడమంటే ఏమిటో ఎక్కినవారికే తెలుస్తుంది. పైగా ప్రపంచ స్థాయి సైకిల్ పోటీదారులు సైతం ఇదే వాదన చేశారు.

2003 మార్చిలో ఫ్రాన్సులో జరిగిన ప్యారిస్-నీస్ పోటీలో కజకిస్తాన్‌కు చెందిన ఆండ్రీ కివిలెవ్ తోటి పోటీదారులను తాకి కింద పడ్డాడు. అతని తలపై హెల్మెట్ లేదు. మరునాడే మరణించాడు. అప్పటికి అతని వయస్సు 29 ఏళ్ళు. ఆ మరణం తరువాత అదే ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం పోటీలలో హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. అయితే ఒక మినహాయింపు ఇచ్చింది. పోటీ చివరన కనీసం 5 కిలోమీటర్ల ఎత్తు ఎక్కవలసి ఉంటే, ఆ ఎక్కుడు మొదలయ్యేచోట హెల్మెట్ తీసివేయవచ్చునన్నది. ఎక్కేటప్పుడు వేగం తక్కువ, వేడి ఎక్కువ అన్నదే అందుకు కారణం. తరువాతి కాలంలో ఆ మినహాయింపును కూడా తొలగించారు. నేడు ఎంత ఎత్తైన కొండ ఎక్కుతున్నా పోటీదారుల తలపై హెల్మెట్ ఉండి తీరాలి.

వేగం తక్కువైతే ప్రమాదం తక్కువ అన్న మాటలో సత్యం లేకపోలేదు. దిగేటప్పుడు పడితే దెబ్బలు ఎక్కువ తగులుతాయి. అయితే తలకు తగిలే దెబ్బ సైకిల్ ముందుకు పోయే వేగం వల్లనే కలగదు. తల ఎంత ఎత్తు నుండి నేలకు పడుతుందన్నది అందులో పెద్ద భాగం. సైకిల్‌పై కూర్చున్న మనిషి తల నేలకు సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుండి ఏ వస్తువు పడినా నేలను తాకే క్షణానికి దాని వేగం సెకనుకు దాదాపు 5.4 మీటర్లకు, అంటే గంటకు దాదాపు 20 కిలోమీటర్లకు చేరుతుంది. సైకిల్ కదలకుండా నిలిచి ఉన్నా ఈ లెక్క మారదు.

ఐరోపా దేశాలలో సైకిల్ హెల్మెట్లను ఇ.ఎన్. 1078 అనే ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు. లోపల కృత్రిమ తలను అమర్చిన హెల్మెట్‌ను చదునైన ఇనుప దిమ్మెపై సెకనుకు 5.42 మీటర్ల వేగంతో పడవేస్తారు. పై పేరాలోని అంకెకూ దీనికీ తేడా లేదని పాఠకులు గమనించే ఉంటారు. అనగా సైకిల్ హెల్మెట్‌ను పరీక్షించేది కొండ మీది నుండి దూసుకువచ్చి పడే పాటును ఉద్దేశించి కాదు. ఉన్నచోట పక్కకు ఒరిగి పడే పాటే దాని అసలు కొలత. ఎక్కేటప్పుడు అది అనవసరమని మనం అనుకుంటున్నాము. నిజానికి అది అత్యంత సమర్థంగా పనిచేసే సందర్భం అదే.

మరి నడిచేవాని సంగతి ఏమిటి? అతని తల కూడా అంతే ఎత్తులో ఉంటుంది కదా! నడిచేవాడు తూలితే ఒక అడుగు పక్కకు వేస్తాడు, చేయి చాచుకుంటాడు. సైకిల్‌పై ఉన్నవాని పాదాలు పెడళ్ళపై, చేతులు హ్యాండిల్‌పై ఉంటాయి. పైగా సైకిల్ వేగంగా పోతున్నప్పుడు తేలికగా నిలబడుతుంది. నెమ్మదించేకొద్దీ అటూ ఇటూ ఊగుతుంది. ఎత్తులో బలం చాలక లేచి నిలబడి తొక్కుతాము. ఆ క్షణంలో చైను జారితే శరీర భారమంతా ఒక్కసారిగా ఒక పక్కకు ఒరుగుతుంది. మరీ నిటారైన చోట ముందు చక్రం నేలను విడిచి పైకి లేస్తుంది. ఇరుకు బాటలో పైనుండి దిగివచ్చే మరొక సైకిలో మోటారు బండో ఎదురైతే తప్పుకునే తావు ఉండదు.

ఇది మాకు పుస్తకాల వల్ల తెలిసిన సంగతి కాదు. మా నానా మానుకోట చుట్టుపక్కల పల్లెలలో సైకిల్‌పై బట్టల మూటలు కట్టుకుని తిరిగి అమ్మేవారు. ఒకనాడు ఊరి బయటి మిట్ట ఎక్కుతుండగా చైను ఊడింది. మూట బరువుకు సైకిల్ పక్కకు ఒరిగింది. నానా తల దారి పక్కనున్న రాతికి తగిలింది. వెనుక నడిచి వస్తున్న కూలీలు క్షణంలో ఆయనను అందుకున్నారు. అంటే నడిచేవారికి అందేటంత దగ్గరలోనే, అంత నెమ్మదిగానే ఆయన వెళ్తున్నారు. రక్తం పెద్దగా రాలేదు. దుస్తులపై మట్టి కూడా ఎక్కువ అంటలేదు.

ఆ తరువాత నానా నాలుగేళ్ళు బ్రతికి ఉన్నారు. కానీ బట్టల ధరలన్నీ నోటిలెక్కగా చెప్పిన మనిషికి తన పిల్లల పేర్లు గుర్తు లేకుండా పోయాయి. నమాజుకు నిలబడి ఎన్ని రకాతులు అయ్యాయో తెలియక మధ్యలో ఆగిపోయేవారు. అస్ర్ అయిందా అని సాయంత్రం దాకా పదే పదే అడిగేవారు. నానీ ప్రతిసారీ అదే ఓపికతో, "అయిందండీ, మీరు చదివారు" అని చెప్పేది. ఆ రోజుల్లో మా ప్రాంతంలో సైకిల్ తొక్కేవారికి హెల్మెట్ అన్న ఊహే లేదు. కనుక ఎవరినీ తప్పు పట్టలేము. నేడు ఆ వస్తువు మన బజారులో దొరుకుతోంది.

ఇస్లామీయ ధర్మశాస్త్రం మానవుని విషయంలో ఐదింటిని ప్రధానంగా పరిరక్షిస్తుందని ఇమామ్ గజాలీ (రహ్మ) వివరించారు. అవి ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతానం, సంపద. ప్రాణాన్నీ బుద్ధినీ ఆయన వేర్వేరుగా ఎందుకు లెక్కించారో నానాను చూసిన తరువాతనే మాకు బాగా అర్థమయింది. ప్రాణం నిలిచి కూడా బుద్ధి పోవచ్చు. తలకు తగిలే దెబ్బ ఈ రెండింటినీ ఒకేసారి ప్రమాదంలోకి నెట్టుతుంది. నమాజు, ఖుర్ఆన్ పఠనం, తల్లిదండ్రుల సేవ, వ్యాపారంలో నిజాయితీ వంటి బాధ్యతలన్నీ బుద్ధి ఉన్నవాని మీదనే ఉన్నాయి. ఆ అమానతును మోస్తున్న తలను కాపాడుకోవడం పిరికితనం ఎలా అవుతుంది?

"రాసిపెట్టినదే జరుగుతుంది" అని కొందరు పెద్దలు అంటారు. విధివ్రాతపై విశ్వాసం మన ఈమానులో భాగమే. ఒంటెను కట్టిన తరువాతనే అల్లాహ్‌పై భారం వేయాలన్న ప్రవక్త బోధ అందరికీ తెలిసినదే. దానితోపాటు మరొక సంఘటనను కూడా మనం గుర్తు చేసుకోవాలి. హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా విజయం నాడు దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) నగరంలో ప్రవేశించినప్పుడు ఆయన శిరస్సుపై ఇనుప శిరస్త్రాణం ఉన్నదని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. అది బుఖారీ గ్రంథంలో నమోదయింది. ఆనాడు ఆయన వెంట వేలాది సహచరులు ఉన్నారు. నగరం దాదాపు పోరాటం లేకుండానే వశమయింది. అల్లాహ్ పట్ల ఆయన కన్నా గొప్ప నమ్మకం గలవారు ఎవరు? అయినా ప్రమాదం తక్కువగా కనిపిస్తున్నదని ఆయన దానిని దారిలో తీసివేయలేదు. ప్రవేశించిన తరువాతనే తీశారు.

మా తమ్ముడు ఈ విషయాన్ని తన గని అనుభవంతో పిల్లలకు చెప్పాడు. గనిలోకి దిగేటప్పుడు ఎంత నిష్ఠగా టోపీ పెట్టుకుంటారో, పని ముగించి పైకి ఎక్కి వచ్చేటప్పుడూ అంతే. అలసిపోయి ఉంటారు, చెమటతో తడిసి ఉంటారు, ఇల్లు గుర్తుకు వస్తూ ఉంటుంది. అయినా గని నోరు దాటి వెలుగులోకి వచ్చేదాకా ఎవరూ దానిని తీయరు. పైకప్పుకు దిగేవాడెవరో ఎక్కేవాడెవరో తెలియదు కదా అన్నాడు. పిల్లలు నవ్వారు కానీ ఆ మాట వారికి పట్టింది.

ఆ చర్చ అంతటితో ఆగలేదు. మా కూతురు ఊరకుండలేదు. "మరి అబ్బా, మీరు జుమాకు స్కూటర్‌పై టోపీతోనే వెళ్తున్న పెద్దలకు ఈ మాట చెప్తారా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. పిల్లవాడు "ఎక్కడమే కదా" అంటాడు; పెద్దవాడు "ఇక్కడికే కదా" అంటాడు. రెండూ ఒకే వాదన. జనగామలో హైదరాబాదు-వరంగల్ జాతీయ రహదారి పక్కనే ఉంది. ఎన్నో ఇళ్ళ వారికి పాలకైనా మసీదుకైనా దానిని దాటక తప్పదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా ద్విచక్ర వాహన ప్రమాదాలలో మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. అంటే మన తల్లులు, భార్యలు, పిల్లలు వంటివారు.

సైకిల్‌కు హెల్మెట్ తప్పనిసరి అని మన దేశంలో చట్టం లేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మోటారు ద్విచక్ర వాహనాలకే వర్తిస్తుంది. 2019 సవరణ తరువాత నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ, నడిపేవారైనా వెనుక కూర్చునేవారైనా, హెల్మెట్ ధరించాలి. చట్టం సైకిల్‌ను వదిలిపెట్టింది కనుక ఆ బాధ్యత ఇంటి పెద్దలపై పడింది.

ఇక వేడి మాట. అది నిజమైన ఇబ్బందే కనుక దానికి నిజమైన పరిష్కారం కావాలి. మోటారు సైకిల్ హెల్మెట్‌ను సైకిల్ తొక్కే పిల్లవానికి ఇవ్వకూడదు. అది బరువు, గాలి ఆడదు, రెండో మలుపులోనే తీసివేస్తాడు. గాలి రంధ్రాలున్న తేలికపాటి సైకిల్ హెల్మెట్ వేరే ఉంటుంది. అది కనుబొమ్మలకు రెండు వేళ్ళ పైన సమంగా కూర్చోవాలి. గడ్డం కింది పట్టీలో ఒకటి రెండు వేళ్ళకు మించి దూరకూడదు. కింద పలుచని బట్ట టోపీ ఉన్నా, ఆడపిల్లలు పిన్నులూ ముడులూ లేని ఒంటిపొర స్కార్ఫ్ కట్టుకున్నా ఇబ్బంది లేదు. వాటిపైన కూడా హెల్మెట్ బిగుతుగా కూర్చుంటున్నదో లేదో చూసుకోవాలి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను మార్చివేయాలి. లోపలి థర్మోకోల్ వంటి పదార్థం నలిగి తలను కాపాడుతుంది. ఒకసారి నలిగినది మళ్ళీ కాపాడలేదు.

అన్నింటికన్నా ముఖ్యమైనది సమయం. ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరితే ఎండ ముదరకముందే గుట్ట ఎక్కవచ్చు. ఎక్కుతుండగా తల తిరిగినా, వేడి భరించలేకపోయినా హెల్మెట్ తీసి తొక్కుతూ పోకూడదు. దిగి, నీడన ఆగి, అప్పుడు హెల్మెట్ తీసి నీళ్ళు త్రాగాలి. కావాలంటే సైకిల్‌ను నడిపించుకుంటూ పోవచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు. మా ఇంట్లో కుదిరిన ఒప్పందం ఇదే: పాదం పెడల్‌పై ఉన్నంతసేపూ తలపై హెల్మెట్ ఉండాలి. స్కూటర్ ఎక్కే పెద్దలకూ ఇదే వర్తిస్తుందని పిల్లలు షరతు పెట్టారు, మేము అంగీకరించాము.

హెల్మెట్ మనలను పడకుండా ఆపదు, ఆయుష్షును పెంచదు. అది అల్లాహ్ చేతిలోని విషయం. పడినప్పుడు దెబ్బను కొంత తాను తీసుకుంటుంది, అంతే. అయినా ఆ కొంతలోనే తల్లిని గుర్తుపట్టే జ్ఞాపకం, ఖుర్ఆన్‌ను హిఫ్జ్ చేసిన జ్ఞాపకం మిగిలిపోవచ్చు. మన పిల్లలు ఎత్తైన గుట్టలు ఎక్కాలి, ఆ గుట్టలపై నిలిచి సృష్టికర్త మహిమను చూడాలి. అల్లాహ్ వారి ప్రాణాన్నీ బుద్ధినీ కాపాడుగాక! ఆ దుఆకు ఆమీన్ పలికిన చేత్తోనే మనం వారి గడ్డం కింది పట్టీ కూడా బిగించాలి.